సరే, మంచిది

మా వంటింటి బల్ల దగ్గర,
జూన్ మొదట్లో

మరదలు పిల్లకి,

యాభై ఏళ్ళొచ్చాక ఇంకా పిల్లేమిటని మూతి తిప్పుకోకు. నీకు డెబ్భై వచ్చినా నేను ఇలాగే పిలుస్తాను. వదినగారికి ఆ మాత్రం హక్కు లేకపోతే ఎలా?

ఉత్తరం చూసి గుండె గుభేలుమని ఉంటుంది. ఏమీ కాలేదు, ఇద్దరం బాగానే ఉన్నాం. నాకు ఫోన్ మీద విరక్తి పుట్టింది, అంతే. ఛార్జింగ్ ఉందా, సిగ్నల్ ఉందా, అవతలివాళ్ళు బస్సులో ఉన్నారా, బజార్లో ఉన్నారా అని కనుక్కోవడంతోనే సగం మాటలు అయిపోతున్నాయి. వీడియో అయితే మరీ ఘోరం. పోయిన ఆదివారం నువ్వు చేసినప్పుడు నాకు కనబడింది నీ నుదురూ, మీ షాపు ఫ్యానూ. ఒకరి మొహం ఒకరం చూసుకున్నామని పేరే గానీ, ఎవరి జుట్టు వాళ్ళు సవరించుకోవడంతోనే సరిపోయింది. మెసేజీలు కూడా వద్దు. నువ్వు పంపే ఆ పసుప్పచ్చ మొహాల్లో ఏది నవ్వుతోందో ఏది ఏడుస్తోందో నాకు తెలిసి చావదు. ఇకమీదట మనిద్దరం ఉత్తరాలే. అందరికీ ఏవో హాబీలున్నాయి, నాకూ ఒకటి ఉండనీ.

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో జీవితం వెళ్ళబుచ్చిన మనిషి ఫోన్ వద్దంటోందేమిటని నవ్వుతావు. నవ్వుకో. ఆ రోజుల్లో మాటకో మర్యాద ఉండేది. హెడ్‌సెట్ తగిలించుకుని బోర్డు ముందు కూర్చుంటే ఊరు ఊరంతా నా చెవిలోంచే మాట్లాడుకునేది. నేను చేరిన రోజునే మా సూపర్‌వైజరమ్మ చెప్పింది, "అవతలివాళ్ళని మళ్ళీ చెప్పమని అడక్కూడదు. వినలేకపోతే అది ఆపరేటరు తప్పు. సందర్భం చూసి పట్టుకోవాలి" అని. బోర్డులు పోయాయి, తీగలు పోయాయి, ఉద్యోగమూ పోయింది గానీ ఆ అలవాటు మాత్రం పోలేదు. ఇప్పటికీ ఎవరినీ "ఏమిటీ?" అని అడగను.

మీ అన్నయ్యకి పిట్టల పిచ్చి పట్టింది. లైబ్రరీ నుంచి రిటైరయ్యాక కాళ్ళూ చేతులూ ఆడక ఏదో ఒకటి చేస్తారని తెలుసు గానీ, ఇది అనుకోలేదు. ఫోన్‌లో ఏదో యాప్ ఉందట. పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి ఫోన్ ఆకాశానికి చూపిస్తే ఏ పిట్ట కూస్తోందో అది పేరు చెబుతుందట. కూత పట్టుకుని లోపలికి పరిగెత్తుకొచ్చి, నా మొహం దగ్గర ఫోన్ పెట్టి "విన్నావా?" అంటారు. విన్నానంటాను. పిట్టని చూడాలి గానీ దాని పేరూ ఊరూ మనకెందుకే?

ఆయన తోటివాళ్ళు రిటైర్మెంటుకి ఒక మాట్లాడే డబ్బా ఇచ్చారు, గుర్తుందా? దీపం వెయ్యమంటే వేస్తుంది, వాన వస్తుందా అంటే చెబుతుంది. అదొక సిగ్గులేని పీనుగ. అర్థం కాకపోతే "క్షమించండి, మీరు చెప్పింది అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అంటుందట, రోజుకి పదిసార్లయినా సరే. ఎంత అదృష్టం దానిది!

వెంటనే జవాబు రాయి. చేత్తో రాయి, టైపు కొట్టి పంపావో చించేస్తాను.

మీ వదిన

*

కళ్ళజోళ్ళ షాపు, కౌంటరు వెనక,
జూన్ చివర

వదినా,

చేత్తో రాస్తున్నాను, చదువుకో. నా రాత కోడి గెలికినట్టుందని నువ్వు అనకముందే నేనే అనేస్తున్నాను. పెన్ను పట్టుకుని ఎన్నేళ్ళయిందో. రెండు పేరాలకే వేళ్ళు పీకుతున్నాయి. నీ హాబీకి నేను బలి.

ఇక్కడ షాపులో లోకం తలకిందులైంది. చూపు బాగా ఉన్న కుర్రకారు వచ్చి పవరు లేని కళ్ళజోడు అడుగుతున్నారు. తెలివైనవాళ్ళలా కనబడాలట! నిన్న ఒకమ్మాయి లావుపాటి నల్లఫ్రేము పెట్టుకుని అద్దంలో చూసుకుని, "ఆంటీ, ఇందులో నేను చాలా పుస్తకాలు చదివినదానిలా ఉన్నానా?" అని అడిగింది. ఒక్కటైనా చదివావా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను, గిరాకీ కదా. మా చిన్నప్పుడు కళ్ళజోడు పెట్టుకుంటే పెళ్ళి కాదనేవాళ్ళు. ఇప్పుడది పెళ్ళిచూపులకి పెట్టుకెళుతున్నారు.

నేనూ లోకంతోపాటే కొట్టుకుపోతున్నాననుకో. చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం కొనుక్కున్నాను. షాపులో అటూ ఇటూ తిరిగితే సాయంత్రానికి ఒక గంట కొట్టి "శభాష్, మీరు సాధించారు" అంటుంది. నవ్వకు. మా ఇంట్లో ఇంతవరకూ నన్ను శభాష్ అన్నవాళ్ళు లేరు. గడియారమైనా అంటోంది, అననీ.

నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు సరే. అన్నయ్య మాత్రం ఈమధ్య నాకు తెగ చేస్తున్నాడు. వాడు ఫోన్ చేసి నాతో పిట్టల గురించి మాట్లాడతాడు, మధ్యలో ఆగిపోతాడు, మళ్ళీ పిట్టల గురించే మాట్లాడతాడు. మీ ఇద్దరికీ మధ్య ఏమైనా అయిందా? అడగకూడదనుకున్నాను గానీ, నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసుగా.

నీ మరదలు పిల్ల

*

మా వంటింటి బల్ల దగ్గరే,
జూలై

మరదలు పిల్లకి,

మా మధ్య ఏమవుతుంది? ముసలితనం అవుతోంది.

అన్నాచెల్లెళ్ళు ఫోన్‌లో నా గురించి చెప్పుకుంటున్నారన్నమాట. ఏం చెప్పాడేమిటి మీ అన్నయ్య? చెప్పాల్సింది ఉంటే నాతో చెప్పాలి. నాతోనేమో మాటే కరువైంది. భోజనం దగ్గర తల వంచుకుని తింటారు. ఇదివరకు తింటూ తింటూ ఏ పుస్తకం గురించో, ఏ మనిషి గురించో గొణుగుతూ ఉండేవారు. ఆయన గొంతు ముందే అంతంతమాత్రం, లైబ్రరీలో జీవితమంతా గుసగుసలాడి అదీ అరిగిపోయింది. ఇప్పుడు అదీ లేదు. ముందుగదిలో కూర్చుంటారు, నేను వెళితే లేచి పెరట్లోకి పోతారు. ఆయనకి నేను చేసిన అపచారం ఏమిటో ఆయనే చెప్పాలి. నేను మాత్రం అడగను. అలిగినవాళ్ళని బతిమాలే వయసు దాటిపోయింది నాకు.

దానికి తోడు కొత్త వ్యాపకం ఒకటి మొదలైంది. అలమరాల్లో పుస్తకాలు దించి అట్టపెట్టెల్లో సర్దుతున్నారు. ఇల్లు ఖాళీగా ఉంటే మనసు ఖాళీగా ఉంటుందని ఈమధ్య వీడియోల్లో ఎవరెవరో చెబుతున్నారు చూడు, ఆ గాలి సోకిందనుకుంటాను. అక్కరలేనివన్నీ వదిలించుకోవాలట. వదిలించుకుని, ఆ ఖాళీలో పెట్టుకోవడానికి వాళ్ళు అమ్మే డబ్బాలు కొనుక్కోవాలట. నేను ఏ గిన్నే వదులుకోనని ముందే చెప్పాను. సర్దడానికి ముందే ఒకరోజు భోంచేస్తూ ఆ పుస్తకాల గురించే అనుకుంటా, ఏదో అన్నారు. సరేనన్నాను. ఆయన పుస్తకాలు, ఆయన ఇష్టం.

మా పక్కింటావిడ కూడా అదోరకం. వీధిలో కనిపిస్తే నవ్వడం మానేసింది. మనుషులకి తెరలు ఎక్కువై మాటలు తక్కువయ్యాయి. పార్కులో చూశాను, ఒకే బెంచీ మీద మొగుడూ పెళ్ళాం చెరో ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. మేం నయం అనుకున్నాను. మా ఇంట్లో ఫోన్ లేకుండానే మాట్లాడుకోం.

జోకు వేశాను. నవ్వు.

మీ వదిన

*

షాపు, షట్టరు సగం దించి,
ఆగస్టు

వదినా,

నవ్వు రాలేదు.

నిన్న అన్నయ్య వచ్చాడు. బస్సెక్కి, చెప్పాపెట్టకుండా, నేరుగా షాపుకి. దగ్గరచూపుకి కొత్త అద్దాలు కావాలన్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి, పరీక్ష ఫ్రేము పెట్టి, ఒక్కొక్క అద్దం మారుస్తూ "ఇది బాగుందా, అది బాగుందా" అని అడుగుతున్నాను. ఏది పెట్టినా మసగ్గానే ఉందంటాడు. ఇదేమిటి, అద్దాలు తుడవలేదా అని ఫ్రేము తీసి చూస్తే, వాడి కళ్ళనిండా నీళ్ళు. వదినా, అమ్మ పోయినప్పుడు కూడా వాడు నా ముందు ఏడవలేదు. కళ్ళనిండా నీళ్ళున్న మనిషికి నేను పవరు ఎలా చూడను?

అన్నయ్య వెళ్ళిపోతున్నాడు. నీకు తెలుసు. తెలిసి నాకు పెట్టెల గురించి జోకులు రాశావు. అందుకే ఒళ్ళు మండి రాస్తున్నాను.

వాడి స్నేహితుడు నడిపే శిక్షణా కేంద్రంలో కొత్తగా లైబ్రరీ పెడుతున్నారట. పుస్తకాలు తెప్పించి, వరస కట్టి, నిలబెట్టడానికి రెండేళ్ళ పని. ఉండడానికి గది ఇస్తారు, ఒక్కరికి సరిపడా. భోజనం దగ్గర నీతో అంతా చెప్పాడట. చెప్పి, "ఏమంటావు, వెళ్ళనా?" అని అడిగాడట. నువ్వేమన్నావో వాడి మాటల్లోనే రాస్తున్నాను: "‘సరే, మంచిది’ అందే. ఇంకో గరిటె కూర వేసింది. అంతే. ఎక్కడికి అని లేదు, ఎందుకు అని లేదు. రెండేళ్ళంటే రెండు రోజులన్నట్టు. ఏడాదిన్నరగా అంతేనే, ఏం చెప్పినా ‘ఆ’ అంటుంది, ‘సరే’ అంటుంది. ఒక్కోసారి అదీ అనదు, లేచి వెళ్ళిపోతుంది. గోడకి చెప్పుకున్నట్టుంది. నేనంటే విసుగొచ్చింది దానికి. పొద్దస్తమానం ఇంట్లో ఉండే మొగుణ్ణి ఎవరు భరిస్తారులే."

వెళ్ళేముందు ఇంకోసారి అడిగి చూడన్నయ్యా అన్నాను. "ఒకసారి అడిగాను. రెండోసారి అయితే అడుక్కోవడమే" అన్నాడు. వచ్చే నెల మొదట్లో ప్రయాణం.

మీ పెళ్ళయ్యేటప్పటికి నేను జడగంటలు కట్టుకున్న పిల్లని. నన్ను నువ్వే పెంచావు. అందుకే సూటిగా అడుగుతున్నాను. మా అన్నయ్య నీకు అంత బరువయ్యాడా?

జవాబు కోసం చూస్తుంటాను. ఫోన్ చేస్తే ఎత్తవు కదా.

*

మా ఇల్లు,
ఆగస్టు

అమ్మడూ,

ఆయన నన్ను అడగలేదు. నీ ఉత్తరం చదవగానే నా నోట్లోంచి వచ్చిన మాట అదే. పైకే అన్నాను.

తరవాత కూర్చుని ఆలోచించాను. అడిగే ఉంటారు. ఆయన అబద్ధం చెప్పరు.

నాకు వినపడలేదే.

కూర గిన్నె చేతిలో ఉంది. ఆయన పెదవులు కదిలాయి, తల ఎత్తి నావైపు చూశారు. ఏదో అడిగారని తెలిసింది. పుస్తకాల సంగతేదో అనుకున్నాను. సరే, మంచిది అన్నాను. ఆ మాట ఎక్కడైనా అతుకుతుంది. నేను ఏడాదిన్నరగా ఆ రెండు మాటల మీదే సంసారం నడుపుతున్నాను.

నీకు కాకపోతే ఎవరికి చెప్పుకుంటాను. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ముందు పిట్టలు పోయాయి. ఆయన ఫోన్ తెచ్చి నా చెవి దగ్గర పెడితే అందులో ఏమీ ఉండేది కాదు. ఆయన మొహంలో సంతోషం చూసి విన్నానని చెప్పేదాన్ని. తరవాత టీవీలో మాటలు ముద్దకట్టాయి. తరవాత ఫోన్. నువ్వు నవ్వితే నేనూ నవ్వేదాన్ని, నువ్వు ఆగితే ‘అవునే’ అనేదాన్ని. పోయిన చలికాలంలో నువ్వు వీడియోలో మీ అత్తగారి ఆపరేషన్ గురించి చెబుతుంటే నేను నవ్వాను, సంగతేమిటో తరవాత నీ మెసేజీ చూశాక గానీ తెలియలేదు. నేను నవ్వగానే నీ మొహం ఎలా అయిందో చూశాను. ఉత్తరాల హాబీ అందుకే పుట్టింది. పక్కింటావిడ కూడా పాపం ఎన్నిసార్లు పలకరించిందో.

మళ్ళీ చెప్పండి అని అడగొచ్చుగా అంటావు. నోరు రాదే. ముప్ఫై ఏళ్ళు ఒక్కరిని కూడా అడగలేదు. ఈదురుగాలిలో తీగలు కొట్టుకుంటుంటే, గుంయ్‌మనే హోరులో, ఎక్కడో ఎవరో పురిటి కబురు చెబుతుంటే పట్టుకున్న చెవులు ఇవి. ఈ చెవులకి యంత్రమా? ఊరు నవ్వదూ? చెవిటిదాని ముందు శంఖం ఊదినట్టని ఆయన్ని ఎవరైనా అంటే?

మీ అన్నయ్యని ఆపు. నీ మాట వింటారు. షాపులో సాయం కావాలని చెప్పు, నీకు ఒంట్లో బాగాలేదని చెప్పు, ఏదైనా చెప్పు. నా చెవుల సంగతి మాత్రం చెప్పకు. నీకు దండం పెడతాను.

వదిన

*

షాపు,
ఆగస్టు చివర

వదినా,

నీ ఉత్తరం చదివి కౌంటరు మీద తల పెట్టుకుని ఏడ్చాను. గిరాకీ వస్తే కళ్ళకి మందు వేసుకున్నానని చెప్పాను. పోయినసారి రాసిన మాటలకి నన్ను నాలుగు తిట్టు.

ఏడవడం అయింది. ఇప్పుడు కోప్పడతాను.

నా దగ్గరికి కొందరు గిరాకీలు వస్తారు. గోడమీది అక్షరాల పట్టిక ముందే బట్టీపట్టి వస్తారు. కుర్చీలో కూర్చోగానే గడగడా చదివేస్తారు, కింది వరసతో సహా. కళ్ళజోడు రాకూడదని! ఒకాయన అలాగే చదివేసి, లేచి వెళుతూ నా అద్దాల తలుపుకి గుద్దుకున్నాడు. నుదురు బొప్పికట్టింది. నన్ను మోసం చేశాననుకున్నాడు. తలుపుని ఎలా మోసం చేస్తాడు? నువ్వూ అదే చేస్తున్నావు. నీ తలుపు మా అన్నయ్య.

కళ్ళజోడు పెట్టుకున్నవాణ్ణి చూసి ఎవరైనా గుడ్డివాడంటారా? పైగా అవసరం లేనివాళ్ళు కొనుక్కుంటున్నారని నీకు రాశాను. కంటికి ఒక న్యాయం, చెవికి ఒక న్యాయమా? రోజంతా చెవుల్లో తెల్లటి గుళికలు పెట్టుకుని తిరిగే పిల్లలకి లేని సిగ్గు నీకెందుకు? ఈ రోజుల్లో చెవిలో ఏమీ లేకుండా తిరిగేవాళ్ళే తక్కువ. నిన్ను చూసి ఈ పెద్దావిడ పాటలు వింటోంది కాబోలు అనుకుంటారు.

అన్నయ్యని నేను ఆపను. ఆపగలను. షాపులో సాయం కావాలంటే రేపే వస్తాడు. కానీ ఆగి ఏం చేస్తాడు? మళ్ళీ నీ ఎదురుగా కూర్చుని తల వంచుకుని తింటాడు. నీ చెవుల సంగతి వాడికి చెప్పనని మాట ఇస్తున్నాను, ఎందుకంటే అది నువ్వు చెప్పాల్సిన మాట. నా నోట వింటే, ‘దీనికి చెప్పుకుంది, నాకు చెప్పలేదు’ అని ఇంకో దెబ్బ తగులుతుంది వాడికి.

పోయేది నీ పరువా, నీ మొగుడా, తేల్చుకో. గట్టిగానే రాస్తున్నాను. ఉత్తరమైతే నీకు బాగా వినపడుతుంది కదా.

కోపం రానీ. కోపంలోనైనా కదులుతావు.

నీ మరదలు పిల్ల

*

పెరటి మెట్లమీద,
సెప్టెంబరు మొదటి రోజుల్లో

మరదలు పిల్లకి,

కోపం వచ్చింది. రెండు రోజులు నీ ఉత్తరం వైపు చూడలేదు. మూడో రోజు చెవుల పరీక్ష చేసేచోటికి వెళ్ళాను. మీ అన్నయ్యతో బజారుకి వెళుతున్నానని చెప్పాను. ఆయన ఏమన్నారో తెలియదు.

పరీక్ష చేసే అమ్మాయి నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి, తలుపు వేసి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టింది. ఎంతకాలానికి! నా వీపు దానంతటదే నిటారుగా అయింది. చేతికి ఒక మీట ఇచ్చింది. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కాలి. ఇంతేనా అనుకున్నాను. నొక్కాను, నొక్కాను. కాసేపటికి ఆ అమ్మాయి తలుపు తీసుకుని వచ్చి, నా ఎదురుగా వంగి, నెమ్మదిగా పెదవులు కదిపి చెప్పింది. "అమ్మా, చాలాసేపటినుంచి నేను ఏ శబ్దమూ పెట్టలేదు. మీరు నొక్కుతూనే ఉన్నారు" అని.

నవ్వాలో ఏడవాలో తెలియలేదే. యంత్రంతో కూడా ‘సరే, మంచిది’ అన్నాను చూడు! ఆ అమ్మాయి తిట్టలేదు, నవ్వలేదు. "వినపడకపోతే నొక్కకండి. అది కూడా నాకు పనికొచ్చే జవాబే" అంది. అంత చిన్న ముక్క నాకు ఎవరూ ఇన్నాళ్ళూ చెప్పలేదు. రెండోసారి నిజం నొక్కాను. చాలాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చోవలసి వచ్చింది.

కొన్ని రోజులు పెట్టుకుని చూడమని చెవి యంత్రాల జత ఒకటి ఇచ్చి పంపింది. చిక్కుడుగింజంత ఉన్నాయి. జుట్టు కిందికి లాగితే కనబడవు. రోడ్డు మీదికి రాగానే లోకం మీద పడ్డట్టయింది. నా చీర కుచ్చెళ్ళు ఇంత గోల చేస్తాయా! చేతిలో కాగితం సంచి నలిగితే ఇల్లు కూలుతున్నట్టుంది. ఇంటికి వచ్చాక కుళాయి, ఫ్రిజ్జు, గోడగడియారం అన్నీ ఒక్కసారిగా నాతో మొరపెట్టుకున్నాయి. ఇంట్లో ఇన్ని నోళ్ళున్నాయని మరిచేపోయాను.

ఆ నోళ్ళలో ఆయనది లేదు.

సాయంత్రం నుంచీ కాచుకుని కూర్చున్నాను. కాఫీ ఇచ్చాను, కప్పు అందుకున్నారు. భోజనం పెట్టాను, తిన్నారు. మంచినీళ్ళు కావాలంటే వేలితో చూపించారు. అన్నం కావాలా వద్దా అంటే చెయ్యి అడ్డం పెట్టారు. ఆయన నమిలే చప్పుడు కూడా వినపడింది, మాట మాత్రం రాలేదు. నేను వినడం మానేశాక ఆయన మాట్లాడడం మానేశారు. ఆ అమ్మాయి ఇచ్చిన యంత్రం బాగానే పనిచేస్తోంది. వినడానికే ఏమీ లేదు.

చెప్పేద్దామని రెండుసార్లు దగ్గరికి వెళ్ళాను. ఒకసారి పెట్టెకి తాడు బిగిస్తున్నారు. ఒకసారి బస్సు టిక్కెట్టు చూసుకుంటున్నారు. నోరు తెరవలేకపోయాను. భయం వేస్తోందే. ఇన్నాళ్ళూ నాకు వినపడక వెళుతున్నారని సరిపెట్టుకోవచ్చు. చెప్పాక కూడా వెళితే?

వదిన

*

షాపు,
అందగానే

వదినా,

కొరియరు కుర్రాణ్ణి నిలబెట్టి రాస్తున్నాను.

అన్నయ్య నోరు తెరిచేదాకా కాచుకుని కూర్చుంటావా? వాడు టిక్కెట్టు కొనుక్కున్నాడు! ఎక్స్ఛేంజిలో కాదు నువ్వున్నది, అవతలివాళ్ళు ముందు పలకాలనడానికి. నీ ఇంట్లో ఉన్నావు.

ప్రేమగా చెప్పలేకపోతే కోపంగా చెప్పు. ఏడుస్తూ చెప్పు. ఏదో ఒక కూత కూయి. వాడికి పిట్టలంటే ఇష్టం కదా!

*

మా ముందుగది, పెట్టెల మధ్య,
సెప్టెంబరు

మరదలు పిల్లకి,

దెబ్బలాడుకున్నాం!

పొద్దున ఆయన చివరి పెట్టె సర్దుతున్నారు. నేను వెనకాల బట్టలు మడతపెడుతున్నాను. ఆయన నాకు వీపు పెట్టి, పుస్తకాలతో చెప్పుకుంటున్నట్టు గొణిగారు. "ఈ ఇంట్లో నేను ఉన్నా ఒకటే, పోయినా ఒకటే" అని. ప్రతి అక్షరం వినపడింది. ఆయన గొంతేనే, ఆ అరిగిపోయిన గొంతు. ఏడాదిన్నర తరవాత నేను విన్న మొదటి మాట అది కావాలా?

"ఎవరన్నారు ఒకటని? నేనన్నానా?" అని అరిచాను. ఆయన చేతిలో పుస్తకం కాలిమీద పడింది. అబ్బా అన్నారు. అదీ వినపడింది.

"నీకు వినపడిందా?" అన్నారు తెల్లబోయి.

"వినపడింది. ఇప్పుడే వినపడింది. ఇన్నాళ్ళూ ఏమీ వినపడలేదు. మీ పిట్టలు వినపడలేదు, మీరు వినపడలేదు, ఆ రోజు భోజనం దగ్గర అడిగింది వినపడలేదు. చెవుడు నాకు!" అని జుట్టు వెనక్కి లాగి, చెవులు రెండూ చూపించాను. పెట్టెల మధ్య నిలబడి, చెవులు పట్టుకుని, బడిలో శిక్ష పడ్డ పిల్లలా. 

ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశారు. అయ్యో అంటారనుకున్నాను. దగ్గరికి తీసుకుంటారనుకున్నాను. అరిచారే! లైబ్రరీలో జీవితమంతా గొంతెత్తని మనిషి ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచారు. "ఏడాదిన్నర! ఏడాదిన్నర నేనేం పాపం చేశానని కుమిలి చచ్చాను! ఒక్క ముక్క చెప్పడానికి నీకు నోరు లేదా?" "మీకు లేదా? నీకేమైందే అని ఒక్కసారి నన్ను పట్టుకుని అడిగారా? వెళ్ళి పిట్టల్ని పట్టుకున్నారు!" "పిట్టలైనా జవాబిచ్చాయి!" "అయితే వాటితోనే కాపురం చెయ్యండి!" పక్కింటావిడ కిటికీ తెరిచింది. తెరవనీ అన్నాను. ఒక్కొక్క మాట పదునుగా, గణగణా వచ్చి తగులుతుంటే, ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. ఇంత హాయైన తిట్లు నేను ఎన్నడూ తినలేదు.

అరిచి అరిచి ఆయనకి దగ్గు వచ్చింది. మంచినీళ్ళు ఇచ్చాను. పెట్టె మీద కూలబడి తాగారు. గ్లాసు కింద పెట్టి, ఎప్పటి గొంతుతోనే, నాకు మాత్రమే అందేటట్టు అడిగారు.

"ఇప్పుడు చెప్పు. వెళ్ళనా?"

"వద్దు" అన్నాను. "వెళ్ళొద్దు. నాకు మీరు కావాలి."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట పైకి అనడం ఇదే మొదలు. అమ్మడూ, మీ అన్నయ్య ఏమన్నారో తెలుసా? తల దించుకుని, చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఆ రోజు కూడా నువ్వు వద్దంటావనే అడిగాను" అన్నారు.

స్నేహితుడికి రాలేనని కబురు పెట్టారు. పెట్టెలు మాత్రం ఇంకా విప్పలేదు. ముందుగది నిండా కాళ్ళకి అడ్డం పడుతున్నాయి. సర్దినవాళ్ళే విప్పాలని నేను, సరేనన్నవాళ్ళే విప్పాలని ఆయన. ఇందాకటినుంచి పక్కగదిలోంచి ఏదో సణుగుతున్నారు, నాకు వినపడదనుకుని. ఉంటాను మరి, నేను జవాబు చెప్పాలి.

మీ వదిన